మధుమేహపు మందులును వాని ఉపద్రవములును

మధుమేహమునకు మనము మ్రింగు మందుల వలన శరీరమునకు గలుగు బాధలను గూర్చి నేడు మీతో మాటలాడ వచ్చితిని. ఒక రోగమును వెన్నంటి వచ్చు రెండవ రోగమునకు ఆయుర్వేదమున ఉపద్రవమని పేరు. మందును వెన్నంటి వచ్చు బాధకు ఆ మాటనే వాడుకొనుచున్నాను. ఆసుపత్రులలో దీనిని సైడ్ ఎఫెక్టు అందురు. నేను వైద్యుడను కాను. 33 ఏండ్లు బడిలో తెలుగు, సంస్కృతము చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. 11 సంవత్సరములుగా ఈ మందులు మ్రింగుచున్నవాడను గనుక, మ్రింగువానికుండు అధికారము నాకును కొంత కలదని సాహసించితిని. ఈ ప్రసంగమును ముందుగా మా డాక్టరుగారికి చదివి వినిపించితిని. ఆయన ఏడు చోట్ల ఎఱ్ఱసిరాతో దిద్దిరి. బ్రతుకంతయు ఒరుల వ్రాతలు దిద్దినవానికి అది తగిన శాస్తియే.

నా నివాసము హైదరాబాదునందలి బషీర్‌బాగు. 19వ శతాబ్దపు చివర నైజాము దివానుగా నుండిన సర్ అస్మాన్‌జా ప్రభువునకు బషీరుద్దౌలా యని బిరుదము. ఆయన సౌధమును బట్టి ఈ పేటకు ఆ పేరు వచ్చినది. నేడా సౌధము లేదు, తోటయు లేదు. ఎత్తయిన భవనములు, బ్యాంకులు, నగల దుకాణములు, మందుల దుకాణములు గలవు. ప్రాతఃకాలమున నాంపల్లి వైపు పబ్లిక్ గార్డెన్సునకు నడకకు పోయినచో నావంటి వృద్ధులు పలువురు ఎదురగుదురు. పూర్వము ఒకరి నొకరు పిల్లల ఉద్యోగములను గూర్చి అడుగుకొనెడివారము. ఇప్పుడు "ఎంత వచ్చింది?" అని యడిగినచో అది జీతపు లెక్క కాదు, రక్తపరీక్ష లెక్క.

మూడేండ్ల క్రిందట తొలి ఏకాదశినాడు జరిగిన సంగతితో మొదలుపెట్టెదను. మాత్ర మానరాదని డాక్టరుగారు చెప్పియుండిరి. ఏకాదశి మానరాదని మా తండ్రిగారు చెప్పియుండిరి. ఇరువురి మాటయు నిలుపదలచి, ఉదయమున మాత్ర మ్రింగి ఉపవాసముంటిని. పదునొకండు గంటల వేళ పత్రిక కొనుటకై వీథిలోనికి పోయితిని. మొదట చేతులు వణకినవి. పిదప మెడ క్రింద చల్లని చెమట పోసినది. పత్రిక వెల యెంతయని యడుగబోగా నోట వేరొక మాట వచ్చినది. గోడ పట్టుకొని నిలిచితిని. ప్రక్కనుండి ఎవరో "పెద్దాయన పొద్దున్నే వేసుకున్నట్టున్నాడు" అనుట వినబడినది. వినబడినను మాఱు చెప్పు తెలివి లేదు. అచటి ఇరానీ హోటలువాడొకడు బయటికి వచ్చి నా ముఖము చూచి, "షుగర్ గిర్ గయా" అని, నాలుగు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగించి, పిదప చాయ యిచ్చెను. అతని తల్లికి ఇదే జబ్బట. నా ఏకాదశి ఆ విధముగా హోటలు చాయతో ముగిసినది.

కథ అక్కడ ముగిసినచో మీకు చెప్పియుండకపోదును. ఇంటికి వచ్చి, తేరుకొంటినిగదా యని ఏమియు తినక పండుకొంటిని. మధ్యాహ్నము రెండు గంటలకు మా కోడలు పిలిచినను పలుకకపోవుటచే వ్రేలు పొడిచి యంత్రముతో చూచెను. 52 అని వచ్చినది. 70కి దిగువనున్నచో తక్కువ యని లెక్క. 54కి దిగువ ప్రమాదము. మఱల చక్కెరనీరు, పిమ్మట పెరుగన్నము, ఆ పిమ్మట ఆసుపత్రిలో ఒక రాత్రి. ఒకసారి చక్కెర త్రాగిన పిదప రెండవసారి ఏల పడిపోయెనని నేనడిగితిని. "చక్కెర అరగంటలో ఖర్చగును మాస్టారూ, మీరు మ్రింగిన మాత్ర రాత్రిదాకా పనిచేయుచునే యుండును" అని డాక్టరుగారు చెప్పిరి. ఆనాటినుండి నేను మ్రింగు ప్రతి మాత్ర యొక్క కులగోత్రములు విచారింప మొదలిడితిని.

నిజమే, మందులకును గోత్రములు గలవు. "షుగరు బిళ్ల" యను నొక్క పేరుతో మనము పిలుచునవి ఏడెనిమిది తెగలు. ఒక్కొక్క తెగ శరీరములో ఒక్కొక్క చోట పనిచేయును. ఒక్కొక్కదాని ఉపద్రవము వేరు. వ్యాకరణము చదివినవాడు ప్రత్యయమును జూచి పదముయొక్క స్వభావమెరుగునట్లు, మందు పేరు యొక్క తుదిని జూచి కొంత తెలిసికొనవచ్చును. అయితే అట్టమీద పెద్ద అక్షరములతో నుండునది కంపెనీవారు పెట్టిన ముద్దుపేరు. అసలు పేరు దాని క్రింద చిన్న అక్షరములలో నుండును. ఒక్క బిళ్లలో రెండు మూడు మందులు కలిసియుండుటయు కలదు. మనుమని చేత ఆ చిన్న అక్షరములను చదివించి, తెలుగులో ఒక కాగితముపై వ్రాయించి పెట్టుకొనుడు. ఇక చెప్పబోవునదంతయు ఆ కాగితమున్నవానికే పనికివచ్చును.

నన్ను వీథిలో నిలబెట్టినది గ్లిమిపిరైడు. గ్లిబెన్‌క్లమైడు, గ్లిక్లజైడు, గ్లిపిజైడు దాని దాయాదులు. వీని పుట్టుక వింతయైనది. 1942లో ఫ్రాన్సు దేశమున మోంపెల్యే యను పట్టణమందు మార్సెల్ జాన్‌బోన్ అను వైద్యుడు టైఫాయిడు జ్వరమునకు ఒక క్రొత్త సల్ఫా మందిచ్చి చూచుచుండెను. ఆ రోగులలో కొందరు చెమటలు పట్టి మూర్ఛపోవజొచ్చిరి. పరీక్షింపగా వారి రక్తములో చక్కెర పడిపోయినట్లు తెలిసెను. ఓగుస్ట్ లూబాత్యేర్ అను శాస్త్రజ్ఞుడు దానిని కుక్కలపై పరిశోధించి, ఆ మందు క్లోమగ్రంథి నుండి ఇన్సులినును వెడలగొట్టుచున్నదని నిరూపించెను. టైఫాయిడు మందు యొక్క ఉపద్రవము మధుమేహమునకు మందైనది. కాని పుట్టుక గుణమెక్కడికి పోవును? నేటికిని ఈ తెగ వలన గలుగు మొదటి ప్రమాదము అదియే.

మనకు నడివయస్సు పిదప వచ్చు రెండవ రకపు మధుమేహములో క్లోమగ్రంథి ఇన్సులినును పుట్టించుచునే యుండును. శరీరము దాని మాట సరిగా వినదు. కాలక్రమమున గ్రంథియు అలసిపోవును. ఈ తెగ మాత్రలు ఆ గ్రంథిని బలవంతముగా పనిచేయించును. ఎద్దు మేసినదా లేదా యని చూడక ములుకోలతో పొడుచు సేద్యగాని వంటివవి. మనము తిన్నను తినకున్నను ఇన్సులిను దిగుచునే యుండును. తిన్ననాడు మేలు, తిననినాడు కీడు. కావున ఉపవాసము, రంజాను రోజా, పెండ్లింట ఆలస్యమైన భోజనము, తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పొలము పోవుట, వాంతులు, కల్లు, సారా – ఇవన్నియు ఈ మాత్రకు శత్రువులు. కల్లు త్రాగినవాడు పడిపోయినచో మత్తని యెంచి ఇంటివారు అరుగుమీద వదలివేయుదురు. అతడు షుగరు మాత్రల మనిషియైనచో ఆ నిద్ర నుండి లేవకపోవచ్చును. వ్రేలు పొడిచి చూచుటకు ఒక నిమిషము చాలును.

చక్కెర పడిపోవుటయొక్క గుర్తులు చెప్పెదను: వణకు, చెమట, గుండెదడ, ఆకలి, చూపు మసక, మాట తడబాటు, కారణము లేని కోపము. వృద్ధులలో ఇవన్నియు కనబడవు. ఊరక మతి తప్పినట్లుండుట, చెప్పినది బోధపడకుండుట మాత్రమే యుండవచ్చును. "ముసలితనము, గాలి సోకినది, గ్యాసు" అని మనవారు సరిపెట్టుకొందురు. రాత్రివేళ పీడకలలు, తెల్లవారి చూచునప్పటికి తడిసిన పక్కబట్టలు, తలనొప్పి – ఇవియు గుర్తులే. రక్తపోటునకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడువారికి వణకు, గుండెదడ పైకి తెలియవు. చెమట మాత్రము పట్టును. జ్వరమునకో మూత్రపు మంటకో ఇచ్చు కొన్ని మందులు, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి, ఈ మాత్రలతో కూడినచో చక్కెర మరింత దిగును. ఊరి ఆర్.ఎం.పి. గారు క్రొత్త మందిచ్చునపుడు మీ కాగితము ఆయన ముందు పెట్టుడు.

తెలివిలో నున్నవానికి మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర గాని గ్లూకోజు పొడి గాని నీట కలిపి యిచ్చి, 15 నిమిషములకు మఱల చూచి, తక్కువగా నున్నచో మఱల ఇయ్యవలెను. తేరుకొన్న పిదప అన్నమో రొట్టెయో తప్పక పెట్టవలెను. నేను చేయనిది అదియే. లడ్డు, మైసూరుపాకు పెట్టుదురు కొందరు. నేతి వస్తువు మెల్లగా అరుగును గనుక ఆ సమయమున దానికంటె చక్కెరనీరే మేలు. తెలివి తప్పినవాని నోట నీరు కాని తేనె కాని పోయరాదు. అది ఊపిరితిత్తులకు పోవును. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి 108కి ఫోను చేయుడు. ఆ బండ్లు 2005 ఆగస్టు 15న మన హైదరాబాదుననే మొదలైనవి. ఈ తెగ మాత్ర వలన పడిపోయినవానిని, తేరుకొన్నను, ఒక దినమైనను కనిపెట్టియుండవలెను. ఇంకొక మాట: గ్లిబెన్‌క్లమైడు 60 ఏండ్లు దాటినవారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధముల పట్టికయందే వ్రాసినది. మీ కాగితములో ఆ పేరున్నచో, మీ వయస్సు దాటియున్నచో, మీ డాక్టరుగారిని అడుగుడు. అడుగుట తప్పు కాదు.

ఇక మెట్‌ఫార్మిన్. రెండవ రకపు మధుమేహులలో దీనిని ఎరుగనివారరుదు. ఐరోపాలో గేలెగా అను మొక్క గలదు. దాని సారమును పరిశీలించుటతో మొదలై, పారిసులో జాన్ స్టెర్న్ అను వైద్యుడు 1957లో దీనిని మధుమేహమునకు ప్రకటించెను. ఒంటరిగా వాడినచో ఇది చక్కెరను ప్రమాదస్థాయికి దింపదు. దీని బాధ కడుపున. వికారము, ఉబ్బరము, విరేచనములు, నోట లోహపు రుచి. చాలమందికి ఇవి కొన్ని వారములలో తగ్గును. తక్కువ మోతాదుతో మొదలిడి, భోజనముతో కలిపి మ్రింగి, మెల్లగా పెంచినచో పెక్కుమందికి సరిపడును. సరిపడనిచో మెల్లగా కరగు రకము గలదు. ఆ రకమును నూరి పొడిచేసి మ్రింగరాదు. దాని ఉత్త డొల్ల మలముతో బిళ్లవలెనే వెలువడుటయు కలదు. "బిళ్ల అరుగలేదు" అని భయపడవలదు; మందు లోపలికి పోయిన పిదపనే డొల్ల వచ్చును.

నాతో కలిసి బడిలో లెక్కలు చెప్పిన మిత్రుడొకడు విశ్రాంతి పొంది నల్లగొండ జిల్లాలోని తన గ్రామమునకు పోయెను. మెట్‌ఫార్మిన్ మొదలిడినది మొదలు ఉదయము నాలుగైదు మారులు వెలుపలికి పోవలసివచ్చెను. బస్సు ప్రయాణము భయమైపోయెను. ఈ సంగతి డాక్టరునకు చెప్పుటకు సిగ్గుపడి, భార్యకు కూడ చెప్పక, మాత్రలు మానివేసి, ప్రతి నెలయు కొని పెట్టెలో దాచెను. రెండేండ్లకు కాలి వ్రేలున పుండు లేచెను. పెట్టె తెరచి చూడగా మాత్రల అట్టలు కట్టలుగా నుండెనట. రెండు వ్రేళ్లు తీసివేసిరి. అతడు మంచి లెక్కల మాస్టరు. ఆ ఒక్క లెక్క తప్పెను. మెల్లగా కరగు రకము అప్పటికి వాని ఊరి దుకాణములోనే దొరకుచుండెను. ఉపద్రవము వలన కంటె దానిని చెప్పకుండుట వలన మనవారికి గలుగు నష్టమెక్కువ యని నేను తలచుట ఆతని జూచిన పిదపనే.

మెట్‌ఫార్మిన్ చేయు రెండవ పని చప్పుడు లేనిది. ఏండ్ల తరబడి వాడినవారిలో కొందరికి బి12 అను విటమిను ప్రేగులయందు సరిగా ఇంకదు. ఆ విటమిను మొక్కలలో లేదు. పాలు, గ్రుడ్లు, మాంసములలో నుండును. నావంటి శాకాహారులకు మొదటనే కొరత. ఈ మాత్రతో అది పెరుగును. పాదములు తిమ్మిరెక్కుట, చీమలు ప్రాకినట్లుండుట, నడకలో తూలు, మతిమరుపు, నిస్సత్తువ దాని గుర్తులు. మధుమేహము ముదిరినపుడును పాదములకు ఇట్లే యగును గనుక, "షుగరు నరములకు పాకినది" అని ఊరకుండుట కలదు. ఒక రక్తపరీక్షతో తేలిపోవును. సూదిమందుతోనో బిళ్లతోనో లోటు తీరును. నాకు ఎనిమిదవ ఏట తేలినది.

ఇక్కడ మన భీమవరమువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపకుండలేను. అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. రక్తహీనతకు అది గొప్ప మందు. అయితే బి12 కొరతతో వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము ఒక్కటే యిచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడి, నరములు లోలోపల చెడుచునే యుండునని ఆ దశాబ్దముననే వైద్యులు గ్రహించిరి. అందుచే మెట్‌ఫార్మిన్ వాడువారు నీరసమునకు తమంతట తాము ఎఱ్ఱ బలపుబిళ్లలు కొని మ్రింగి తృప్తిపడరాదు, బి12 చూపించుకొనవలెను.

మెట్‌ఫార్మిన్‌నకు మూడవ ప్రమాదము అరుదైనది, గాని ఘోరమైనది. మూత్రపిండములు చెడియున్నచో మందు వెడలక శరీరమున నిలిచి, లాక్టిక్ ఆమ్లము పేరుకొనవచ్చును. దాని జ్ఞాతియైన ఫెన్‌ఫార్మిన్ ఈ దోషముచేతనే అమెరికాలో 1977లోను, మన దేశమున 2003లోను తొలగింపబడినది. మెట్‌ఫార్మిన్ అంతటిది కాదు. కాని మూత్రపిండముల బలము చూపు క్రియాటినిన్ పరీక్ష సంవత్సరమున కొకసారియైనను లేక దీనిని వాడుట తగదు. వాంతులు, విరేచనములు, వడదెబ్బ తగిలి మూత్రము తగ్గినపుడు, స్కానింగునకై నరములోనికి రంగుమందు ఎక్కించునపుడు, ఈ మాత్రను ఆ కొలది దినములు నిలుపవలెనా యని ముందే అడుగవలెను.

చక్కెర తగ్గించు మందుల చరిత్రలో మన హైదరాబాదుకు ఒక అధ్యాయము గలదు. అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పరిశోధకులు ఇచ్చటనే గ్లిటజోనుల జాతికి దగ్గరవైన క్రొత్త మందులను కనిపెట్టిరి. ఒకదానిని 1997లో, రాగాగ్లిటజార్ అను మరియొకదానిని 1998లో డెన్మార్కు దేశపు నోవో నోర్డిస్క్ కంపెనీకి పరీక్షలకై యిచ్చిరి. అప్పటికి భారతదేశమున కనిపెట్టిన మందు విదేశపు కంపెనీ కొనుట అపూర్వము. రాగాగ్లిటజార్ మనుష్యులపై పరీక్షలలో చాల దూరము పోయినది. 2002 జూలైలో ఎలుకలకు, చుంచెలుకలకు మూత్రాశయమున కంతులు లేచినట్లు తెలిసి పరీక్షలు నిలిపివేసిరి. కోట్ల రూప్యముల ఆశ ఎలుకల మూత్రాశయమున ఆగిపోయినది. కొందరు దీనిని ఓటమి యందురు. నా దృష్టికి మందుల లోకమున ఇట్టి ఓటములే మనలను కాపాడుచున్నవి.

ఆ జాతిలో మన అంగళ్లలో నేటికిని దొరకునది పియోగ్లిటజోన్. దానికి అన్నవంటి రోసిగ్లిటజోన్‌ను గుండెకు కీడని 2010లో మన ప్రభుత్వము నిషేధించినది. పియోగ్లిటజోన్‌ను 2013 జూన్‌లో నిలిపి, జూలై 31న హెచ్చరికతో మఱల అనుమతించినది. ఇది కొందరికి ఎంతయు ఉపకరించును. కాని నీరు పట్టును: కాళ్లు వాచును, బరువు పెరుగును, గుండె బలహీనమైనవారికి ఆయాసము వచ్చును. స్త్రీలకు ఎముకలు పెళుసెక్కును. మూత్రాశయ కేన్సరును గూర్చిన అనుమానము పూర్తిగా తొలగలేదు. మూత్రములో రక్తము కనబడినచో, వారము దినములలో కాళ్లు వాచి ఆయాసము మొదలైనచో, వచ్చే నెల చూపించుకొందమని యుండరాదు.

ఇప్పుడు క్రొత్తగా వచ్చిన తెగ మిమ్ము నవ్వించును. ప్రమేహమునకు పూర్వరూపములు చెప్పుచు చరకసంహిత, శరీరమునకును మూత్రమునకును చీమలు పట్టుటను పేర్కొన్నది. మూత్రము తీపియగుటయే రోగమని వేయేండ్లకు పైగా చదువుకొంటిమి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ – గ్లిఫ్లోజిన్ అని ముగియు ఈ మాత్రలు రక్తములోని చక్కెరను తామే మూత్రములోనికి తోసివేయును! మందు మ్రింగినవాని మూత్రమునకే చీమలు పట్టును. 1835లో ఆపిలు చెట్టు బెరడు నుండి తీసిన ఫ్లోరిజిన్ అను పదార్థము వీనికి మూలపురుషుడు. గుండెకు, మూత్రపిండములకు కూడ ఇవి మేలుచేయునని తేలుటచే డాక్టర్లు ఎక్కువగా వ్రాయుచున్నారు. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు తీరి పలువురు తయారుచేయుటచే ధరయు దిగినది.

చక్కెర పోవు దారిలో బూజు పుట్టును. స్త్రీలకును పురుషులకును మర్మస్థానమున దురద, తెల్లని పొర, మంట గలుగును. ఇది సిగ్గుపడి దాచుకొను బాధ. తల్లులు కొడుకులతో చెప్పరు. మందు మొదలిడునాడే డాక్టరు చెప్పి యుంచవలసినది. శుభ్రత, ఒక పూతమందు చాలమందికి చాలును. మూత్రము ఎక్కువగా పోవుటచే వేసవిలో నీరు తగ్గి, లేచినపుడు కళ్లు తిరుగును. రక్తపోటు మాత్రలు వాడువారికి మరియు ఎక్కువ. అరుదుగా రక్తము పులిసి కీటోన్లు చేరును. అప్పుడు వాంతులు, కడుపునొప్పి, వేగమైన ఊపిరి కలుగును. చిత్రమేమనగా రక్తములో చక్కెర అంత హెచ్చుగా నుండకపోవచ్చును. యంత్రములోని అంకెను జూచి మోసపోవుదుము. శస్త్రచికిత్సకు మూడు నాలుగు దినములు ముందుగా, తిండి లేక వాంతులగు దినములలో, కఠినోపవాసములలో ఈ మాత్రను నిలుపమని డాక్టర్లు చెప్పుదురు. దంతము పీకించుకొనబోయినను మీ కాగితము చూపుడు.

మిగిలినవానిని త్వరగా ముగించెదను. గ్లిప్టిన్ అని ముగియునవి, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ మొదలగునవి, సాధారణముగా సాధువులు. ఎప్పుడో ఒకరికి కీళ్ల నొప్పులు, అంతకంటె అరుదుగా క్లోమపు వాపు వచ్చును. పైకడుపున నొప్పి పుట్టి వీపుకు ప్రాకినచో ఆసుపత్రికి పోవలెను. వోగ్లిబోస్, అకార్బోస్ అన్నముతో మ్రింగునవి. ఇవి పిండి పదార్థము అరుగుటను ఆలస్యము చేయుటచే అపానవాయువు మెండు. సభలో కూర్చుండువారికి ఇబ్బంది. ఒక్క సంగతి మాత్రము ముఖ్యము: వీనిని గ్లిమిపిరైడుతో కలిపి వాడువానికి చక్కెర పడిపోయినచో, ఇంటి చక్కెర త్వరగా అరుగదు. గ్లూకోజు పొడియే ఇయ్యవలెను. నా జేబులో నిప్పుడు ఉండునది ఆ పొట్లమే. ఇన్సులినునకు మొదటి ప్రమాదము చక్కెర పడుటయే. ఒకే చోట పొడిచినచో గడ్డ కట్టి మందు సరిగా పనిచేయదు. వారమునకొకసారి పొడుచుకొను క్రొత్త మందులు ఆకలిని చంపును, వాంతులు, మలబద్ధము కలిగించును. బక్కపలుచని వృద్ధునకు ఆకలి చచ్చుట చిన్న సంగతి కాదు.

సంస్కృతము చదివినవాడను గనుక మీలో కొందరు నన్ను వేరొక ప్రశ్న అడుగుదురు. "ఈ ఇంగ్లీషు మందులకు ఇన్ని ఉపద్రవములుండగా చెట్లమందు వాడరాదా?" అని. ఆయుర్వేదమును నేను గౌరవించుదును. చదివిన వైద్యుడు మనిషిని జూచి ఇచ్చు మందు వేరు. సంతలో "మూడు నెలలలో షుగరు మాయము" అని అమ్ము పేరులేని పొడి వేరు. అట్టి పొడులను పరీక్షింపగా కొన్నింట గ్లిబెన్‌క్లమైడు వంటి ఇంగ్లీషు మాత్రయే నూరి కలిపినట్లు, కొన్నింట సీసము వంటి లోహములున్నట్లు పలుమారులు బయటపడినది. పొడి తినగానే చక్కెర తటాలున దిగినచో నేను సంతోషింపను, అనుమానించుదును. లోపలనున్నది చెట్టో బిళ్లయో ఎవరెరుగుదురు? పైగా డాక్టరు వ్రాసిన మాత్రయు మ్రింగి, ఈ పొడియు తినినచో అదే మందు రెండింతలగును.

మందుల ఉపద్రవములను గమనించుటకు మన ప్రభుత్వము 2010లో దేశవ్యాప్తముగా ఒక ఏర్పాటు చేసినది. 1800-180-3024 అను ఖర్చులేని నంబరునకు రోగి తానే ఫోను చేసి తనకు గలిగిన బాధను చెప్పవచ్చును. నేనొకసారి చేసితిని. పియోగ్లిటజోన్ వంటి మందుల గుణదోషములు తేలుట ఇట్టి వర్తమానములు నలుదిక్కుల నుండి చేరుట వలననే. గ్రామము నుండి పోవు వర్తమానమునకును అంతే విలువ.

ఏకాదశి విషయము ఏమైనదని మీరడుగవచ్చును. మానలేదు. మఱుసటి ఏడు తొలి ఏకాదశికి పక్షము ముందుగా డాక్టరుగారి కడకు పోయి, "ఒక పూట పండ్లు, పాలు తీసికొందును, ఏ మాత్ర వేసికొనవలెను, ఏది మానవలెను?" అని యడిగితిని. ఆయన నవ్వి, "ఇన్నేండ్లకు అడిగినారు" అని, గ్లిమిపిరైడు ఆనాటికి వద్దనియు, తక్కినది రాత్రి ఫలహారముతో వేసికొనుమనియు, నాలుగు మారులు వ్రేలు పొడిచి చూచుకొనుమనియు, 70కి దిగినచో ఉపవాసము అక్కడనే విడువుమనియు చీటీ వ్రాసియిచ్చిరి. అది నాకు, నా మాత్రలకు వ్రాసిన చీటీ. మీది మీ డాక్టరుగారి చేత వ్రాయించుకొనుడు. నాది పంచాంగములో ఆషాఢమాసపు పుటయందు పెట్టియున్నది. ఏడాది మారినపుడు మా కోడలు దానిని పాత పంచాంగము నుండి తీసి క్రొత్తదానిలో పెట్టుచున్నది.